రాస్ప్‌బెర్రీ పై 4లో మేమ్ ఎమ్యులేటర్ కంపైల్ మధ్యలోనే ఆగిపోతోంది

తెనాలి_టోకెన్
మూడు రోజులుగా ఒకే చోట చిక్కుకుపోయాను. తెలిసినవారు దారి చూపండి.

1990లలో తెనాలిలో మా నాన్నకు చిన్న వీడియో గేముల దుకాణం ఉండేది. నాలుగే నాలుగు పెట్టెలు, రూపాయికి ఒక టోకెను. వాటిలో దుకాణం అద్దె కట్టించింది క్యాప్‌కామ్ వారి ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు, అందరికీ అది ముస్తఫా ఆటే. దుకాణం మూసి ఇరవై ఏళ్లు దాటినా ఆ ఆట సర్క్యూట్ బోర్డును నాన్న గోనెసంచిలో చుట్టి అటక మీద దాచారు. నిరుడు దించి చూస్తే శబ్దం లేదు. ఆయన మొహం చూడలేకపోయాను.

అందుకే పాత చెక్కపెట్టెలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పెట్టి, సంక్రాంతికి అన్నయ్య వచ్చేలోపు ఆట నడిపించాలని అనుకున్నాను. పై 4, 2 జీబీ ర్యామ్, 64 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్. పాత ఆటల యంత్రాలను కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రాము, అంటే ఎమ్యులేటర్, మేమ్. దాని సోర్సు (మూల కోడ్) దించి, నడిచే ప్రోగ్రాముగా మార్చడానికి (కంపైల్) కోర్లు నాలుగు కాబట్టి మేక్ ఆదేశానికి జె4 ఇచ్చాను. అయిదారు గంటలు నడిచి ‘కిల్డ్’ అని, సీసీ1ప్లస్ (కంపైలరు) ఆగిపోయిందని చెప్పి బయటికి వచ్చేస్తోంది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ వేరువేరు ఫైళ్ల దగ్గర ఆగింది. సోర్సులో తప్పయితే ఒకే ఫైలు దగ్గర ఆగాలి కదా?

పిక్సెల్_పంతులు
మీ చివరి వాక్యంలోనే జవాబు ఉంది. తప్పు సోర్సులో లేదు, ర్యామ్ చాలడం లేదు. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ ఆదేశం ఇచ్చి చూడండి, ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అనే వరుస కనిపిస్తుంది. జె4 అంటే నాలుగు కంపైలర్లు ఒకేసారి నడుస్తాయి. మేమ్‌లో కొన్ని సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు ఒక్కొక్కటే జీబీకి దగ్గరగా తింటాయి. అలాంటివి రెండు మూడు ఒకేసారి పడితే లైనక్స్ కెర్నెల్ తనను తాను కాపాడుకోవడానికి అందరికంటే లావైన ప్రోగ్రామును చంపేస్తుంది. ఆ సమయానికి ఏ ఫైలు ఉంటే ఆ ఫైలు దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది.

చిన్ని_కన్సోల్
అసలు కంపైల్ ఎందుకండీ? మీ ఓఎస్‌కు ఆధారమైన డెబియన్‌లో మేమ్ ప్యాకేజీ సిద్ధంగా ఉంది. ఆప్ట్ ఆదేశంతో పెడితే అయిదు నిమిషాల పని.

తెనాలి_టోకెన్
పంతులు గారూ, మీరన్నది నిజమే. డీమెసేజ్‌లో మూడుసార్లు ఆ వరుస ఉంది.

చిన్ని గారూ, ఆ ప్యాకేజీ వేసి చూశాను, బాగానే నడిచింది. కానీ తెరిస్తే వేలకొద్దీ యంత్రాల జాబితా వస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి జాయ్‌స్టిక్‌తో అందులో వెతుక్కోవడం నాకు ఇష్టం లేదు. ఇంకో మాట కూడా ఉంది. ఆ దుకాణంలో ప్రతి తీగనూ నాన్న తన చేతితో అతికారు. ఈ పెట్టెలో నడిచేదాన్ని నేనూ నా చేతితో కట్టాలని ఉంది.

చిన్ని_కన్సోల్
జాబితా బాధకు కంపైల్ అవసరం లేదు. ప్యాకేజీలోని మేమ్‌కే ఆట పేరు ఇచ్చి బూట్ కాగానే నడిచేలా పెట్టవచ్చు. మా ఇంట్లో అలాగే ఉంది. పిల్లలు స్విచ్ వేస్తే సూటిగా ఆటే వస్తుంది. రెండో కారణానికి మాత్రం నా దగ్గర ఎదురుమాట లేదు, కట్టండి.

హిమబిందు_సి
కట్టదలచుకుంటే మొత్తం మేమ్ కట్టవద్దు. 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టినప్పుడు అది ఒకరు చేసిన చిన్న ప్రోగ్రాము. ఇప్పుడు అందులో పాత కంప్యూటర్లు, కాలిక్యులేటర్లు, చదరంగం యంత్రాలు కూడా ఉన్నాయి. మీకు కావలసింది మీ ఆట నడిచే క్యాప్‌కామ్ సీపీఎస్-1 బోర్డు ఒక్కటే.

మేక్ ఆదేశంలో సోర్సెస్ అనే విలువ ఒకటి ఇవ్వవచ్చు. సోర్సు చెట్టులో మేమ్ ఫోల్డరు లోపల క్యాప్‌కామ్ ఫోల్డరు, అందులో సీపీఎస్1 ఫైలు ఉంటుంది. ఆ దారి అక్కడ రాయండి. ఆ బోర్డుకు ఏ ప్రాసెసర్ల ఎమ్యులేషన్ కావాలో, ఏ శబ్దపు చిప్పులు కావాలో నిర్మాణ స్క్రిప్టే వెతికి తెచ్చుకుంటుంది. పక్కనే సబ్‌టార్గెట్‌కు మీకు నచ్చిన పేరు పెట్టండి, తయారైన ప్రోగ్రాముకు ఆ పేరు వస్తుంది. ఇంతకుముందు మొత్తం కట్టడం మొదలుపెట్టారు కాబట్టి ఈసారి రీజీనీ విలువ 1 అని కూడా ఇవ్వాలి, లేకపోతే పాత ప్రాజెక్టు ఫైళ్లనే పట్టుకుంటుంది. డీబగ్గరు కిటికీ కోసం క్యూటీ లైబ్రరీలు అడుగుతుంది. ఆట ఆడేవారికి అది అక్కరలేదు, యూజ్ క్యూటీడీబగ్ విలువ 0 చేయండి.

తరువాత జె2. సీపీఎస్-1 గుండెకాయ మోటరోలా 68000. దాని ఫైళ్లు ఇప్పటి మేమ్‌లో చాలా పెద్దవి, రెండు కలిసి వచ్చినప్పుడు 2 జీబీ మీద గట్టి ఒత్తిడే పడుతుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు మెమరీ కార్డులో వాడుకునే చోటు) పెంచుకోండి. డీఫిస్ స్వాప్‌ఫైల్ వాడే ఓఎస్ అయితే దాని కాన్ఫిగ్ ఫైలులో స్వాప్‌సైజ్ 2048 చేసి ఆ సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి. పని అయ్యాక పాత అంకె పెట్టేయండి, మెమరీ కార్డు మీద రోజంతా స్వాప్ రాయించడం దానికి మంచిది కాదు.

మధ్యలో ఆగిపోతే, తయారైన ఫైళ్లను చెరిపేసే ‘మేక్ క్లీన్’ కొట్టకండి. నేను మొదట్లో భయపడి ప్రతిసారీ అది కొట్టి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. మళ్లీ మేక్ అంటే చాలు, అయిపోయిన ఫైళ్లను వదిలేసి మిగిలినవే చేస్తుంది.

డల్లాస్_డయోడ్
ఇంత కష్టం ఎందుకు, లాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేయండి. ఎనిమిది కోర్ల యంత్రంలో రాస్ప్‌బెర్రీ పైకి కావలసిన ప్రోగ్రామును నేను కాఫీ తాగి వచ్చేలోపు తయారు చేస్తున్నాను.

హిమబిందు_సి
కంపైలరు తెచ్చుకోవడం తేలికే. కానీ ఎస్‌డీఎల్, ఫాంట్‌కాన్ఫిగ్ వంటి లైబ్రరీలన్నీ రాస్ప్‌బెర్రీ పైలో ఉన్న వెర్షన్లతోనే లాప్‌టాప్‌లోకి తెచ్చి, వాటి దారులు సరిచూడాలి. మొదటిసారి చేసేవారికి అందులోనే వారం పోతుంది. మీకు ఆ ఏర్పాటు ముందే ఉంది కాబట్టి కాఫీలో అయిపోతోంది.

డల్లాస్_డయోడ్
ఒప్పుకుంటాను. నాకూ మొదటిసారి నాలుగు రోజులు పట్టింది. డిస్ట్‌సీసీ అయినా చూడమనండి, పై తన పనిలో కొంత లాప్‌టాప్‌కు పంపుతుంది, లింకింగ్ (తయారైన ముక్కలను కలపడం) మాత్రం తన దగ్గరే చేసుకుంటుంది.

టంకం_కడ్డీ
అందరూ సాఫ్ట్‌వేర్ మాట్లాడుతున్నారు. తెనాలి గారూ, కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారు?

తెనాలి_టోకెన్
పాత ఫోను చార్జరు. 2 యాంపియర్లు అని రాసి ఉంది. అప్పుడప్పుడు తెర మూలన పసుపు రంగు మెరుపు గుర్తు వస్తుంది, పట్టించుకోలేదు.

టంకం_కడ్డీ
పట్టించుకోవలసింది దాన్నే. వోల్టేజి 4.63 కంటే కిందికి పడితే ఆ మెరుపు వస్తుంది. నాలుగు కోర్లూ గంటల తరబడి పూర్తి బరువు మోసే పని కంపైల్ ఒక్కటే, ఆటలో కూడా అంత ఉండదు. టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీకి గెట్ త్రాటిల్డ్ అని ఇచ్చి ఏ సంఖ్య వస్తుందో చెప్పండి.

తెనాలి_టోకెన్
50005 వచ్చింది.

టంకం_కడ్డీ
అనుకున్నదే. చివరి 5కు అర్థం, ఈ క్షణంలో వోల్టేజి తక్కువగా ఉంది, వేగం కూడా తగ్గించబడింది. ముందున్న 5కు అర్థం, బూట్ అయినప్పటి నుంచి ఆ రెండూ ఎప్పుడో ఒకప్పుడు జరిగాయి. మీ పై సగం ఊపిరితో పరుగెత్తుతోంది. పై 4కు 5.1 వోల్టులు, 3 యాంపియర్ల అడాప్టరు కావాలి. అడాప్టరు మంచిదై తీగ సన్నగా ఉన్నా వోల్టేజి దారిలోనే పడిపోతుంది, కాబట్టి తీగ అతికి వచ్చే అడాప్టరే తీసుకోండి. చిప్పు మీద హీట్‌సింక్, చిన్న ఫ్యాను పెట్టండి. 80 డిగ్రీలు దాటితే అదే వేగం తగ్గించుకుంటుంది. మూసిన చెక్కపెట్టెలో పెట్టి జె4 ఇస్తే భోగి మంట ముందే వస్తుంది.

పిక్సెల్_పంతులు
టంకం గారు చెప్పిన దానికి నా అనుభవం ఒకటి. రెండేళ్ల క్రితం కంపైల్ మధ్యలో ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ వచ్చేది, మళ్లీ నడిపితే వచ్చేది కాదు. కంపైలరులో లోపం అనుకుని వెర్షన్లు మార్చాను. చివరికి అడాప్టరు మార్చాక మాయమైంది. ఒకే ఆదేశానికి రెండుసార్లు రెండు ఫలితాలు వస్తే ముందు కరెంటు, వేడి, మెమరీ కార్డు చూడాలి. సోర్సు ఆ తరువాతే.

తెనాలి_టోకెన్
అడాప్టరు కొన్నాను, ఇప్పుడు సంఖ్య 0 వస్తోంది. స్వాప్ పెంచాను. కానీ కొత్త చిక్కు. వేగం కోసం ఒక పాత వ్యాసంలో ఉన్న ఫ్లాగులు (కంపైలరుకు ఇచ్చే సూచనలు) చేర్చాను, ఎంఎఫ్‌పీయూకు నియాన్ అని, ఎంఫ్లోట్ ఏబీఐకి హార్డ్ అని. మొదటి ఫైలు దగ్గరే ‘ఈ ఆప్షన్ తెలియదు’ అంటోంది. ఆ వ్యాసం కింద ఎందరో ధన్యవాదాలు చెప్పారు, వాళ్లకు పని చేసింది కదా?

హిమబిందు_సి
వాళ్లది 32 బిట్ ఓఎస్, మీది 64 బిట్. పై ప్రాసెసరు ఆర్మ్ రకానిది. 32 బిట్ ఆర్మ్‌లో దశాంశ లెక్కల విభాగం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందుకే ఏది వాడాలో కంపైలరుకు చెప్పాలి. 64 బిట్ ఆర్మ్‌లో నియాన్‌తో సహా అది మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఆ రెండు ఫ్లాగులూ ఆ కంపైలరులో లేనే లేవు. తీసేయండి. మరీ కావాలంటే ఎంసీపీయూకు పై 4 ప్రాసెసరు పేరు, కార్టెక్స్ ఏ72 అని ఒక్కటి ఇవ్వండి, చాలు.

గోదావరి64
ఈ మాట చూసి ఆగలేక రాస్తున్నాను, నా బాధ దీనికి అద్దంలో ప్రతిబింబం. నాది కూడా పై 4, కానీ 32 బిట్ ఓఎస్. నింటెండో 64 ఆటల కోసం మ్యూపెన్64ప్లస్ ఎమ్యులేటర్ కంపైల్ చేస్తుంటే అసెంబ్లీ (ప్రాసెసరు సొంత భాషలో రాసిన) ఫైలు దగ్గర ‘బ్యాడ్ ఇన్‌స్ట్రక్షన్’ అని వందల వరుసలు. యూనేమ్ ఆదేశాన్ని అడిగితే ఏఆర్చ్64, అంటే 64 బిట్ అంటోంది. నేను ఎక్కించింది 32 బిట్ అని ఖచ్చితంగా తెలుసు. కార్డు రెండుసార్లు తుడిచి మళ్లీ ఎక్కించాను.

హిమబిందు_సి
మీరు ఎక్కించింది 32 బిట్టే, యూనేమ్ చెప్పిందీ నిజమే. 2023 నుంచి పై 4లో 32 బిట్ ఓఎస్ కింద కూడా కెర్నెల్ మాత్రం 64 బిట్‌ది బూట్ అవుతోంది. ప్రోగ్రాములు, లైబ్రరీలు, కంపైలరు అన్నీ 32 బిట్‌వే. మ్యూపెన్ మేక్‌ఫైలు యూనేమ్‌ను అడుగుతుంది, అది కెర్నెల్ సంగతి చెబుతుంది, మేక్‌ఫైలు దాన్ని నమ్మి 64 బిట్ అసెంబ్లీ ఫైలు ఎంచుకుంటుంది. 32 బిట్ అసెంబ్లరుకు ఆ భాష రాదు.

రెండు దారులు. బూట్ విభాగంలోని కాన్ఫిగ్ ఫైలులో ఆర్మ్ 64బిట్ విలువ 0 అని పెట్టి రీబూట్ చేయడం ఒకటి. మేక్‌కు హోస్ట్ సీపీయూ ఆర్మ్‌వీ7ఎల్ అని మీరే చెప్పడం రెండోది. ఏదైనా సరే, మీ విషయంలో మాత్రం ముందు క్లీన్ చేయాలి, తప్పుగా తయారైన ముక్కలు మిగిలి ఉంటాయి. కెర్నెల్‌ను కాకుండా ప్రోగ్రాముల వైపు ఎన్ని బిట్లో తెలుసుకోవాలంటే గెట్‌కాన్ఫ్‌కు లాంగ్ బిట్ అని ఇవ్వండి, 32 అనో 64 అనో చెబుతుంది.

గోదావరి64
32 అంది! హోస్ట్ సీపీయూ ఇచ్చాను, పూర్తయింది. రెండు వారాలుగా పట్టుకుని కూర్చున్న ముడి ఇది. మీకు మా ఊరి పూతరేకులు బాకీ.

డల్లాస్_డయోడ్
ఫ్లాగుల మాట వచ్చింది కాబట్టి, ఎంసీపీయూ ఇస్తే వేగం నిజంగా పెరుగుతుందా? నాకు తేడా స్పష్టంగా ఉంది.

పిక్సెల్_పంతులు
ఎలా కొలిచారు? మేమ్‌కు బెంచ్ అనే ఆప్షన్ ఉంది. 60 అని ఇస్తే తెర, శబ్దం లేకుండా ఆటలోని 60 సెకన్లను ఎంత వేగంగా చేయగలదో శాతంలో చెబుతుంది. నేను పై 4లో అదే ఆటను ఫ్లాగుతో, ఫ్లాగు లేకుండా అయిదేసి సార్లు కొలిచాను. మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు వచ్చే తేడా కంటే ఫ్లాగు వల్ల వచ్చిన తేడా చిన్నది. వేడి తగ్గించినప్పుడు వచ్చిన లాభం మాత్రం కళ్లకు కనిపించింది.

డల్లాస్_డయోడ్
నేను కంటితోనే చూశాను, బెంచ్ తెలియదు. ఈ వారాంతంలో కొలిచి రాస్తాను. 3డీ ఆటల్లో తేడా వస్తుందనే నా నమ్మకం ఇంకా ఉంది.

రోమ్_రాజు
ఎందుకింత శ్రమ అందరికీ. నా దగ్గర వేల ఆటలతో నింపిన కార్డు ఉంది, కావలసినవారు చెప్పండి, పంపుతాను.

నిర్వాహకుడు_2
ఇక్కడ అది కుదరదు. ఆటల రోమ్‌లు (చిప్పుల నుంచి తీసిన ఆట ప్రోగ్రాములు) ఎప్పటివైనా 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తాయి, పాతబడ్డాయని హక్కులు పోవు. అమ్మే ఆలోచన ఉన్నవారికి ఇంకో మాట. పై కోసం ఎమ్యులేటర్లను ఒకచోట చేర్చిన రెట్రోపైలో వచ్చే కొన్ని ఎమ్యులేటర్ల లైసెన్సులు వ్యాపారానికి ఒప్పుకోవు, స్నెస్9ఎక్స్ వాటిలో ఒకటి. తయారైన మేమ్ పనిచేస్తోందో లేదో చూడడానికి హక్కుదారులు అనుమతించిన ఆటలు మేమ్ అధికారిక సైటులోనే ఉన్నాయి, గ్రిడ్లీ, రాబీ రోటో వంటివి.

చిన్ని_కన్సోల్
సీపీఎస్1 ఒక్కటే కట్టిన మేమ్‌లో గ్రిడ్లీ నడవదు కదండీ. దాని ఫైలు లోపలికే రాలేదు.

హిమబిందు_సి
మంచి మాట పట్టుకున్నారు. సోర్సెస్‌లో కామా పెట్టి రెండో ఫైలు కూడా ఇవ్వవచ్చు.

టంకం_కడ్డీ
తెనాలి గారూ, మీ బోర్డు మాట నా మనసులోంచి పోవడం లేదు. శబ్దం ఒక్కటే పోయిందన్నారు. దాని మీద బటన్ సెల్లులాంటిదో, చిన్న పీపాలాంటిదో బ్యాటరీ ఉందా?

తెనాలి_టోకెన్
ఉంది, సోల్డరు చేసి ఉంది. అది దేనికో నాన్నకూ తెలియదు.

టంకం_కడ్డీ
అయితే మీది క్యాప్‌కామ్ అసలు బోర్డు. ఆ రోజుల్లో మన వైపు తిరిగినవాటిలో నకళ్లు ఎన్నో, వాటికి బ్యాటరీ ఉండదు. క్యూసౌండ్ అనే శబ్ద వ్యవస్థ ఉన్న సీపీఎస్-1 ఆటల్లో శబ్దం చూసుకునే జెడ్80 ప్రాసెసరుకు ఇచ్చే ప్రోగ్రాము గుప్తలిపిలో ఉంటుంది. ఆ ప్రాసెసరును కబుకి అంటారు. దాన్ని విప్పే తాళంచెవి ఆ బ్యాటరీ కరెంటు మీదే బతుకుతుంది. బ్యాటరీ చచ్చిన రోజు తాళంచెవి చెరిగిపోతుంది, కొత్త బ్యాటరీ వేసినా దానంతట అది తిరిగి రాదు. మీ నాన్నగారు సరిగ్గా దాచలేదని అనుకోవద్దని చెప్పండి. గోనెసంచిలో చుట్టినా, బంగారు పెట్టెలో పెట్టినా ఇదే జరిగేది. తాళంచెవిని తిరిగి రాసే పద్ధతులు ఉన్నాయి, ముందు ఆ బ్యాటరీ కారి బోర్డు రాగిని తినకుండా తీసేయించండి.

తెనాలి_టోకెన్
ఇది చదివి నాన్నకు వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ‘అయితే తేమ వల్ల కాదన్నమాట’ అన్నారు. ఒక ఏడాది వాన నీళ్లు అటక మీద కారినందుకే పోయిందని ఇన్నాళ్లూ తనను తాను నిందించుకుంటున్నారట.

తెనాలి_టోకెన్
రాత్రి పూర్తయింది! జె2, సీపీఎస్1 ఒక్కటే, మూడు గంటల పది నిమిషాలు. స్వాప్ ఒక దశలో జీబీ దాటింది, కానీ ఎక్కడా ఆగలేదు. మా బోర్డు మీది చిప్పులను విజయవాడలో ఒక మిత్రుడు రీడరుతో చదివి ఇచ్చాడు. ఆట మొదలుపెడితే డీఎల్-1425 అనే ఫైలు లేదని అంటోంది. అలాంటి పేరున్న చిప్పు రీడరుకు అందలేదు.

పిక్సెల్_పంతులు
అది క్యూసౌండ్ చిప్పు లోపల ఉండే ప్రోగ్రాము, మీ రీడరుకు అందదు. 2018లో దాన్ని బయటికి తీశారు, అప్పటి నుంచి మేమ్ దాన్ని అడుగుతోంది. పాత మేమ్‌లు శబ్దాన్ని అంచనాతో వినిపించేవి, అందుకే పాత వ్యాసాల్లో ఆ పేరు కనిపించదు. ఆట జిప్పులో కాకుండా క్యూసౌండ్ పేరుతో వేరే జిప్పుగా రోమ్‌ల ఫోల్డరులో ఉండాలి.

నిర్వాహకుడు_2
ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఇక్కడ రాయవద్దు.

తెనాలి_టోకెన్
శబ్దం వచ్చింది. నాన్న మొదట కూర్చోలేదు, నిలబడే ఆడారు, దుకాణంలో అలాగే ఆడేవారు. రెండో దశ దాటారు.

ఒక్క ప్రశ్న మిగిలింది. పాత పెట్టెకు టోకెను వేసే ద్వారం ఇంకా బాగుంది, లోపల చిన్న స్విచ్ టక్కుమంటోంది. దాన్ని రాస్ప్‌బెర్రీ పైకి ఎలా కలపాలి?

టంకం_కడ్డీ
జాయ్‌స్టిక్ బటన్లకు వాడిన యూఎస్‌బీ ఎన్‌కోడరుకే కలపండి. ఆ స్విచ్‌కు మూడు కాళ్లుంటాయి, కామన్ అని, నార్మల్లీ ఓపెన్ అని ఉన్న రెండింటి నుంచి తీగలు తీసి ఖాళీగా ఉన్న బటను చోట పెట్టండి. తరువాత మేమ్‌లో ట్యాబ్ కొట్టి, ఇన్‌పుట్‌లలో కాయిన్ 1 ఎంచుకుని ఒక టోకెను వేయండి, అదే గుర్తు పెట్టుకుంటుంది. అప్పటిదాకా కీబోర్డులో 5 కొడితే టోకెను పడినట్టే.

తెనాలి_టోకెన్
పని చేసింది. టోకెన్ల డబ్బా కూడా నాన్న దాచారట, ఇప్పుడే తీసి లెక్కపెట్టారు. 43 ఉన్నాయి.

గోదావరి64
ఒకటి నాకు ఉంచండి. పండక్కి గుంటూరు వస్తున్నాను, హిమబిందు గారి పూతరేకులు కూడా మీ దగ్గరే ఇచ్చి వెళతాను.